మార్చడం తప్పు కాదు, కొలవకుండా మార్చడం తప్పు

తాళం తిప్పారు. ఇంకా కిక్ కొట్టలేదు. అయినా బండి లోపలి నుంచి 'జుయ్' మంటూ ఒక చిన్న మోటారు అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగి ఆగిన చప్పుడు వినిపిస్తుంది. 1983లో వచ్చిన యమహా ఆర్‌డీ 350 వైపీవీఎస్ మోటారు సైకిల్‌ను నడిపినవారికి ఈ చప్పుడు బాగా పరిచయం. ఎగ్జాస్ట్ దారిలో అమర్చిన ఒక వాల్వ్‌ను ఈ మోటారు ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూస్తుంది. అంటుకున్న మసి కాస్త వదులుతుంది, వాల్వ్ స్వేచ్ఛగా కదులుతోందో లేదో తెలుస్తుంది. ఆ మోటారుకు ఆజ్ఞలిచ్చేది ఒక చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె. దానినే కంట్రోలర్ అంటారు.

ఆ పెట్టెలకు ఇప్పుడు నలభై ఏళ్లు దాటాయి. లోపలి కెపాసిటర్లు ఎండిపోతున్నాయి, టంకాలు పగుళ్లిస్తున్నాయి. కొత్తవి దొరకడం కష్టం. అందుకే ఈ బండ్లను ఇంకా నడుపుతున్న ఔత్సాహికులు కొందరు పాత పెట్టెను తీసేసి, కొన్ని వందల రూపాయలకు దొరికే మైక్రోకంట్రోలర్‌తో సొంత పెట్టె తయారు చేసుకుంటున్నారు. అంతటితో ఆగక, వాల్వ్ ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత తెరుచుకోవాలి అన్న లెక్కను కూడా తమకు నచ్చినట్టు మారుస్తున్నారు.

ఇది పాత బండ్ల మోజు ఉన్న కొద్దిమంది వ్యవహారంలా కనిపించవచ్చు. కానీ ఇందులో పెద్ద ప్రశ్నే ఉంది. కంపెనీ తయారు చేసిన యంత్రాన్ని కొన్నవాడు మార్చుకోవచ్చా? మార్చుకుంటే ఏ షరతు మీద? 'కంపెనీ ఇచ్చింది ముట్టుకోకూడదు' అనేవారు ఒకవైపు, 'పికప్ పెరిగింది, నాకు తెలుస్తోంది' అనేవారు మరోవైపు వాదించుకుంటూ ఉంటారు. ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. మార్పు మంచిదా చెడ్డదా అన్నది నమ్మకంతో తేలేది కాదు, కొలతతో తేలాలి. అంత చిన్న పెట్టె ఈ సంగతిని చాలా స్పష్టంగా చూపిస్తుంది.

వాల్వ్ ఎందుకు అవసరమైంది?

టూ-స్ట్రోక్ ఇంజిన్‌లో సిలిండర్ గోడకే రంధ్రాలుంటాయి. పిస్టన్ కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్ రంధ్రాన్ని తెరుస్తుంది, కాలిన వాయువు బయటికి పోతుంది. ఆ వెంటనే పక్కనున్న రంధ్రాల నుంచి కొత్త గాలి, పెట్రోలు మిశ్రమం లోపలికి వస్తుంది. ఈ రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. కాబట్టి కొత్త మిశ్రమంలో కొంత భాగం మండకుండానే, పాత పొగ వెంటే బయటికి జారిపోతుంది. టూ-స్ట్రోక్ బండి ఎక్కువ పెట్రోలు తాగడానికీ, దాని పొగలో పచ్చి పెట్రోలు, నూనె వాసన రావడానికీ ముఖ్య కారణం ఇదే.

ఎగ్జాస్ట్ రంధ్రం ఎంత ఎత్తులో ఉండాలన్నది డిజైనర్‌కు ఎప్పుడూ చిక్కుముడే. రంధ్రం ఎత్తుగా ఉంటే అది ముందే తెరుచుకుంటుంది, ఆలస్యంగా మూసుకుంటుంది. అధిక వేగంలో అది మేలు చేస్తుంది. ఎందుకంటే అక్కడ వాయువు బయటికి పోవడానికి దొరికే సమయమే చాలా తక్కువ. కానీ తక్కువ వేగంలో అదే రంధ్రం శాపమవుతుంది. సమయం ఎక్కువ కావడంతో కొత్త మిశ్రమం బయటికి పోతుంది, బండికి లాగే బలం ఉండదు. రంధ్రాన్ని కిందికి దించితే తక్కువ వేగంలో బండి చక్కగా లాగుతుంది, పైవేగంలో ఊపిరాడక చతికిలబడుతుంది.

దీనికి తోడు సైలెన్సర్ సంగతి ఉంది. టూ-స్ట్రోక్ రేసు బండ్ల పొగగొట్టం మధ్యలో ఉబ్బి, చివర సన్నబడి ఉంటుంది. రంధ్రం తెరుచుకోగానే బయల్దేరిన పీడన తరంగం ఆ సన్నబడే భాగాన్ని తాకి వెనక్కి మళ్లుతుంది. అది సరిగ్గా రంధ్రం మూసుకోబోయే క్షణానికి తిరిగి వస్తే, బయటికి జారిన కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. 1950లలో తూర్పు జర్మనీలోని ఎంజడ్ సంస్థలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు ఈ విద్యను పదును పెట్టారు. ఆయన గొప్పతనం గొట్టాన్ని వంచడంలో లేదు. ఎగ్జాస్ట్‌లోని కంపనాలను ఆసిలోస్కోప్ మీద చూస్తూ గొట్టం ఆకారాన్ని సరిదిద్దడంలో ఉంది.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. ఇంజిన్ నిమిషానికి 9000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక చుట్టుకు పట్టే సమయం సుమారు 6.7 మిల్లీసెకన్లు. ఎగ్జాస్ట్ రంధ్రం ఆ చుట్టులో 190 డిగ్రీల పాటు తెరిచి ఉంటుందనుకుంటే, తెరిచి ఉండే సమయం 3.5 మిల్లీసెకన్లు. వేడి వాయువులో శబ్దవేగం సెకనుకు సుమారు 500 మీటర్లు అనుకుంటే, ఆ వ్యవధిలో తరంగం దాదాపు 1.75 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే పోయి రావడానికి కలిపి అంత దూరం. గొట్టం పొడవును ఈ లెక్కకు సరిపడేలా పెట్టారనుకుందాం. ఇప్పుడు ఇంజిన్ వేగం 4500కు పడిపోతే రంధ్రం 7 మిల్లీసెకన్లు తెరిచి ఉంటుంది. తరంగం మాత్రం అదే 3.5 మిల్లీసెకన్లకు వచ్చేస్తుంది. రావాల్సిన సమయంకంటే చాలా ముందే వచ్చి పని పాడు చేస్తుంది.

ఇక్కడ గొట్టం పొడవును నడుస్తుండగా మార్చలేం. కానీ రంధ్రం పై అంచును మార్చగలిగితే? ఆ 190 డిగ్రీలను 160 చేస్తే, 4500 చుట్ల వేగంలో రంధ్రం తెరిచి ఉండే సమయం 7 నుంచి 5.9 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. అసమతుల్యత పూర్తిగా పోకపోయినా బాగా తగ్గుతుంది. పైగా మండిన వాయువు పిస్టన్‌ను మరికొంత దూరం నెడుతుంది. కొత్త మిశ్రమం వృథా కావడమూ తగ్గుతుంది. ఎగ్జాస్ట్ పవర్ వాల్వ్ చేసే పని ఇదే. ఆర్‌డీ 350 వైపీవీఎస్‌లో అది దారపు కండెలాంటి ఆకారంలో రంధ్రం పైభాగాన అడ్డంగా కూర్చుంటుంది. తక్కువ వేగంలో తిరిగి రంధ్రం పై అంచును కిందికి దించుతుంది, వేగం పెరిగేకొద్దీ తప్పుకుంటుంది.

యమహా దీన్ని 1977లో తన ఫ్యాక్టరీ రేసు బండి మీద వాడింది. మరుసటి ఏడాది అదే సంస్థ బండి మీద కెన్నీ రాబర్ట్స్ 500 సీసీ ప్రపంచ టైటిల్ గెలిచారు. తర్వాత కవాసాకి, హోండా, సుజుకి సంస్థలు కూడా తమ తమ పేర్లతో ఇలాంటి ఏర్పాట్లు తెచ్చాయి. మన దేశంలో అమ్ముడైన రాజ్‌దూత్ 350లో గానీ, తెలుగు కుర్రకారు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకునే ఆర్‌ఎక్స్ 100లో గానీ ఈ వాల్వ్ లేదు. వాటిలో రంధ్రం ఎత్తు ఎప్పటికీ ఒకటే. అందుకే వాటి పోర్టింగ్ చేయించాలంటే సిలిండర్‌ను అరగదీయాలి, ఒకసారి అరగదీస్తే వెనక్కి పోలేం. పవర్ వాల్వ్ ఉన్న బండిలో అదే పని నాలుగు అంకెలు మార్చి చేయవచ్చు, నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. ప్రయోగానికి ఇంతకంటే అనువైన యంత్రం అరుదు.

పెట్టెలో ఏముంది?

లోపలి తర్కం సరళమైనదే. ఇగ్నిషన్ యూనిట్ నుంచి వచ్చే సంకేతాల ద్వారా ఇంజిన్ వేగం తెలుసుకోవాలి. ఆ వేగానికి వాల్వ్ ఏ కోణంలో ఉండాలో నిర్ణయించాలి. మోటారుతోపాటు తిరిగే ఒక పొటెన్షియోమీటర్ ప్రస్తుత కోణాన్ని ఓల్టేజీగా చెబుతుంది. కావలసిన కోణానికీ, ఉన్న కోణానికీ తేడా ఉంటే మోటారును అటో ఇటో తిప్పాలి. తేడా పోగానే ఆపాలి. ఇంజినీరింగ్ విద్యార్థులు కంట్రోల్ సిస్టమ్స్ పాఠంలో చదివే ఫీడ్‌బ్యాక్ వలయం ఇదే.

పాత పెట్టెలో ఏ వేగానికి ఏ కోణం అన్న సంబంధం సర్క్యూట్‌లోనే స్థిరంగా ఉంటుంది. మైక్రోకంట్రోలర్ పెడితే అది ఒక పట్టికగా మారుతుంది. 5000కు ఇంత, 6000కు ఇంత, 7000కు ఇంత అని రాసుకోవచ్చు. ఎవరైనా సైలెన్సర్ మార్చినా, సిలిండర్ పని చేయించినా పాత సంబంధం సరిపోదు కాబట్టి కొత్త పట్టిక కావాలి. కాబట్టి ఈ మార్పు కోరుకోవడంలో వింత ఏమీ లేదు. కంపెనీ ఇచ్చిన పట్టిక దైవవాక్యం కాదు. అది ఒక నిర్దిష్ట గొట్టానికి, ఒక నిర్దిష్ట ఇంజిన్‌కు, వేలాది మంది కొనుగోలుదారులకు కలిపి చేసిన రాజీ. ఆ రాజీని ఒక బండికి, ఒక అవసరానికి తగినట్టు సరిదిద్దుకోవడం న్యాయమే.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పట్టికలో అంకె మార్చడం నిమిషం పని. ఆ అంకె సరైనదని తెలుసుకోవడం రోజుల పని. మొదటిది చేసి రెండోది వదిలేసేవారే ఎక్కువ.

శరీరం చెప్పేది అబద్ధం కావచ్చు

'బండి ఎగిరి దూకుతోంది' అన్నదే చాలామందికి రుజువు. కానీ మనిషి శరీరం శక్తిని కొలవదు. త్వరణాన్ని గుర్తిస్తుంది, అందులోనూ త్వరణంలో వచ్చే హఠాత్తు మార్పును ఎక్కువగా గుర్తిస్తుంది. వాల్వ్‌ను ఆలస్యంగా, ఒక్కసారిగా తెరిచేలా పట్టిక రాస్తే 6000 దగ్గర బండి నీరసంగా ఉండి, 7000 దగ్గర తన్నినట్టు ముందుకు ఉరుకుతుంది. నడిపేవాడికి ఒళ్లు జలదరిస్తుంది, పవర్ పెరిగిందనుకుంటాడు. నిజానికి అతడు మధ్య వేగంలోని బలాన్ని పోగొట్టుకున్నాడు. పోయిన బలం ఒక్కసారిగా తిరిగి రావడాన్నే లాభమనుకుంటున్నాడు. దీనికి విరుద్ధంగా, వాల్వ్‌ను సాఫీగా తెరిచే మంచి పట్టికతో ఆ తన్ను మాయమవుతుంది. బండి మందగించినట్టు అనిపిస్తుంది. గడియారం పట్టి చూస్తే అదే త్వరగా వేగం అందుకుంటూ ఉండవచ్చు.

వాతావరణం కూడా మోసం చేస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి గాలి పీడనం విశాఖ తీరంకంటే సుమారు 6 శాతం తక్కువ. ఉష్ణోగ్రత 27 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు పెరిగితే గాలి సాంద్రత మరో 5 శాతం దాకా తగ్గుతుంది. ఇంజిన్ పీల్చే ఆక్సిజన్ దాదాపు అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం పాత పెట్టెతో, ఆగస్టు ఉదయం కొత్త పెట్టెతో నడిపి '5 శాతం పవర్ పెరిగింది' అంటే, ఆ ఘనత వాన చినుకులది కావచ్చు. ఎక్కడో ఐరోపా తీరంలో, వేరే గొట్టంతో ఒకరు కుదుర్చుకున్న పట్టికను తెచ్చి దక్కన్ పీఠభూమిలో నడిచే బండిలో పోయడం కూడా ఇలాంటిదే.

కొలవడానికి లక్షల రూపాయల డైనమోమీటర్ లేకపోయినా ఫరవాలేదు. వాహనాలు తిరగని మూసిన ట్రాక్ మీద ఒకే గేరులో 4000 నుంచి 9000 దాకా చేరడానికి పట్టే సమయాన్ని పెట్టెలోని మైక్రోకంట్రోలరే నమోదు చేయగలదు. బండి, మనిషి, పెట్రోలు కలిపి బరువు తెలిస్తే, బరువును త్వరణంతో, వేగంతో గుణించి చక్రం దగ్గర శక్తిని అంచనా వేయవచ్చు. రెండు దిశల్లోనూ, పాత పట్టికతో అయిదుసార్లు, కొత్త పట్టికతో అయిదుసార్లు నడపాలి. ఉష్ణోగ్రత రాసుకోవాలి. ఏ మార్పూ చేయని బండి కాలాలే ఒకదానికొకటి 0.3 సెకన్లు తేడా వస్తుంటే, కొత్త పట్టికతో వచ్చిన 0.2 సెకన్ల మెరుగుకు అర్థం లేదు. ఈ మాత్రం నిజాయితీ ఉంటే అది ప్రయోగం. లేకపోతే అది వేడుక మాత్రమే.

పట్టిక వేరు, వాల్వ్ వేరు

కంప్యూటర్ తెర మీద గీసిన అందమైన వక్రరేఖను చూసి వాల్వ్ కూడా అలాగే కదులుతోందనుకోవడం మరో పొరపాటు. మోటారుకు కదలడానికి సమయం పడుతుంది. ఒక కొస నుంచి మరో కొసకు 0.3 సెకన్లు పడుతుందనుకుందాం. కింది గేరులో ఇంజిన్ ఒక సెకనులో 6000 నుంచి 9000కు ఎగబాకితే, వాల్వ్ ఈ ప్రయాణం పూర్తి చేసేలోగా ఇంజిన్ 900 చుట్లు ముందుకు పోయి ఉంటుంది. పై గేరులో అదే వేగం నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ఈ వెనకబాటు తక్కువ. అంటే ఒకే పట్టిక రెండు గేర్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. వాల్వ్ నిజంగా ఎక్కడుందో పొటెన్షియోమీటర్ నుంచి చదివి నమోదు చేయనిదే ఈ సంగతి బయటపడదు.

భద్రత సంగతి ఇంకా ముఖ్యం. స్పార్క్ ప్లగ్ తీగల నుంచి వచ్చే విద్యుత్ అలజడిని వేగసంకేతంగా పొరబడితే పెట్టె తప్పుడు వేగం లెక్కిస్తుంది. తేడా ఎంత చిన్నదైనా వెంటనే సరిదిద్దాలని రాస్తే మోటారు అటూ ఇటూ వణుకుతూ వేడెక్కుతుంది. మసి పట్టి వాల్వ్ బిగుసుకుంటే, అది కదిలేదాకా కరెంటు పంపుతూనే ఉండే పెట్టె మోటారును కాల్చేస్తుంది. కొన్ని బండ్లలో వాల్వ్ గుండ్రంగా కాక, పలకలా పైనుంచి కిందికి జారేలా ఉంటుంది. అక్కడ హద్దు తప్పితే పలక పిస్టన్‌ను తాకే ప్రమాదం ఉంది. పరుగులో ఉన్న ఇంజిన్ ఒక్కసారిగా బిగుసుకుంటే వెనుక చక్రం లాక్ అవుతుంది. ఆ మీద జరిగేది చెప్పనక్కర్లేదు.

కాబట్టి మార్పు చేసేవారు మొదట రాయాల్సింది పవర్ పెంచే వరుసలు కావు. సంకేతం పోతే ఏం చేయాలి, మోటారు ఇంత సేపట్లో కదలకపోతే కరెంటు ఎలా ఆపాలి, ఏ పరిస్థితిలోనూ దాటకూడని హద్దులేమిటి అన్న వరుసలు ముందు రాయాలి. కంపెనీ ఇంజినీర్ల మీద గౌరవం పెరిగేది కూడా ఇక్కడే. వారి పెట్టెలో సగం తెలివి కనబడని ఇలాంటి జాగ్రత్తల్లోనే ఉంటుంది.

పొగ పీల్చేది పక్కవాడు

ఇంతవరకు చెప్పినవన్నీ బండి యజమాని సొంత నష్టాలు. అసలు అభ్యంతరం మరొకటుంది. కొందరు చప్పుడు కోసమో, కంట్రోలర్ బాగుచేయించే ఓపిక లేకనో వాల్వ్‌ను పూర్తిగా తెరిచి కట్టేస్తారు. ఊళ్లో నడిచే బండి ఎక్కువ సేపు తక్కువ, మధ్య వేగాల్లోనే ఉంటుంది. అక్కడ రంధ్రం పూర్తిగా తెరిచి ఉంటే మండని పెట్రోలు, నూనె ఎక్కువగా బయటికి పోతాయి. ఆ పొగ పీల్చేది వెనుక స్కూటర్ మీద పిల్లను బడికి తీసుకెళ్లే తల్లి, కూడలిలో నిలబడ్డ కానిస్టేబుల్, రోడ్డు పక్క మిర్చి బజ్జీలు వేసే మనిషి. టూ-స్ట్రోక్ బండ్లు మన రోడ్ల మీద నుంచి కనుమరుగు కావడానికి ఉద్గార నిబంధనలు ఒక కారణం. ఆ నిబంధనల వెనుక ఉన్నది ఇలాంటివారి ఊపిరితిత్తులే.

విచిత్రమేమిటంటే, ఈ నష్టాన్ని మన తనిఖీ పద్ధతి చూడలేదు. కాలుష్య ధ్రువపత్రం కోసం ద్విచక్ర వాహనాల పొగను ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు కొలుస్తారు. 2000 మార్చి 31కి ముందు తయారైన బండ్లకు కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు పది లక్షలకు 9000 భాగాలు పరిమితి. ఆ తర్వాతి టూ-స్ట్రోక్ బండ్లకు అది 3.5 శాతం, 6000 భాగాలు. కానీ ఐడ్లింగ్‌లో ఇంజిన్ వేగం వాల్వ్ కదలడం మొదలుపెట్టే వేగానికి చాలా దూరంలో ఉంటుంది. 5000 నుంచి 9000 మధ్య పట్టికను ఎంత అధ్వానంగా రాసినా, ఐడ్లింగ్ దగ్గర మార్పు లేకపోతే ఆ పరీక్షలో ఏమీ తేలదు. మంచి పట్టిక రాసి ఆ మధ్య వేగాల్లో పొగ తగ్గించినవాడికి కూడా గుర్తింపు దక్కదు.

చట్టం దేనిని చూడాలి?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సూత్రాన్ని గట్టిగా చెప్పింది. భద్రత దృష్ట్యా దాని ఉద్దేశం సరైనదే. ఇష్టమొచ్చినట్టు సైలెన్సర్లు మార్చి వీధుల్లో పేలుడు శబ్దాలు చేసేవారిని ఆపాల్సిందే.

అయితే రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, ఇంజిన్ సామర్థ్యం, ఇంధనం లాంటివి ఉంటాయి. ఏ వేగంలో వాల్వ్ ఎంత తెరుచుకోవాలో ఉండదు. ఇనుప భాగాల కాలంలో పుట్టిన ఆలోచన సాఫ్ట్‌వేర్ కాలంలో చిక్కుపడే చోటు ఇది. ఆకారాన్ని చూసే తనిఖీకి పెద్ద హ్యాండిల్ బారు కనిపిస్తుంది, పట్టికలోని అంకె కనిపించదు. ప్రమాదకరమైన మార్పు దొరకకుండా పోవచ్చు, హాని లేని మరమ్మతు నేరంలా కనిపించవచ్చు. కంటికి కనిపించేదాని బదులు ఫలితాన్ని కొలిచే పద్ధతి రెండు వైపులా న్యాయం చేస్తుంది. బండి ఎంత శబ్దం చేస్తోంది, లోడు మీద ఎంత పొగ వదులుతోంది, బ్రేకులు ఎలా పడుతున్నాయి అన్నవే అసలు ప్రశ్నలు.

'ఇలా సందు ఇస్తే ప్రతివాడూ ప్రయోగమంటాడు' అన్న అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. అందుకే గీత స్పష్టంగా ఉండాలి. ఊరి రోడ్డు ప్రయోగశాల కాదు, అక్కడ ఇతరుల అనుమతి లేకుండా వారిని ప్రయోగంలో భాగం చేసినట్టవుతుంది. పాత పెట్టె చేసే పనినే చేసే కొత్త పెట్టె అమర్చడం మరమ్మతు. దానికి ఎవరి అభ్యంతరమూ ఉండనక్కర్లేదు. పట్టికను మార్చి చూడటం మాత్రం మూసిన ట్రాక్ మీదో, బండిని బిగించి నడిపే పరీక్షా బల్ల మీదో జరగాలి. ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది అన్న కొలతలు లేని మార్పు రోడ్డెక్కకూడదు.

ఈ వ్యవహారంలో తయారీదారుల బాధ్యత కూడా ఉంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'రైట్ టు రిపేర్' చట్రం కోసం కమిటీ వేసి, అదే ఏడాది చివర ఒక పోర్టల్ ప్రారంభించింది. అందులో గుర్తించిన రంగాల్లో ఆటోమొబైల్ రంగం ఒకటి. మరమ్మతు హక్కు అంటే స్క్రూలు, గాస్కెట్లు అమ్మడంతో సరిపోదు. తయారీ ఆగిపోయి దశాబ్దాలైన బండి కంట్రోలర్‌కు ఏ తీగ ఎక్కడికి పోతుంది, ఏ వేగానికి ఏ కోణం అన్న ఒక్క పేజీ సమాచారం బయటపెడితే కంపెనీకి నష్టమేమీ లేదు. ఆ పేజీ లేకపోవడం వల్లే షెడ్డులో ఊహలు మొదలవుతాయి. అసలు పట్టిక తెలిసినవాడికి తాను ఎక్కడి నుంచి ఎంత దూరం జరిగాడో తెలుస్తుంది.

షెడ్డు నుంచి తరగతి గదికి

మన ఐటీఐలలో, ఇంజినీరింగ్ కళాశాలల్లో ఫీడ్‌బ్యాక్ గురించి బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పడం ఎక్కువ. ఒక చిన్న మోటారు, ఒక పొటెన్షియోమీటర్, ఒక మైక్రోకంట్రోలర్, పాత బండి సిలిండర్ ఒకటి బల్ల మీద పెడితే విద్యార్థికి తరంగాలు, ఉష్ణగతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, గణాంకాలు ఒకేచోట కనిపిస్తాయి. ఇంజిన్ వేగసంకేతాన్ని కృత్రిమంగా ఇవ్వవచ్చు కాబట్టి పొగ కూడా రాదు. మోటారు ఎందుకు వణికింది, హద్దు దాటితే ఏమైంది, అయిదుసార్లు కొలిస్తే అయిదు రకాలుగా ఎందుకొచ్చింది అన్నవి పుస్తకంలో చదివితే మరిచిపోయే పాఠాలు, చేత్తో చేస్తే జీవితాంతం గుర్తుండే పాఠాలు.

ఈ పాఠం టూ-స్ట్రోక్ బండితోనే ముగిసిపోదు. ఇవాళ రోడ్డు మీద తిరిగే ప్రతి కొత్త వాహనంలోనూ ఇలాంటి పట్టికలున్నాయి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల పట్టికలను తిరగరాసే దుకాణాలు నగరాల్లో కనిపిస్తున్నాయి. రిజిస్ట్రేషన్ అవసరం లేని ఎలక్ట్రిక్ స్కూటర్లకు గంటకు 25 కిలోమీటర్ల వేగం, 250 వాట్ల మోటారు హద్దులు. ఆ వేగ హద్దు కూడా కంట్రోలర్‌లో దాగిన ఒక అంకే. దాన్ని మార్చేవాడు బ్రేకులనూ, చక్రాలనూ, బ్యాటరీ వేడినీ లెక్కలోకి తీసుకోకపోతే ప్రమాదం అతడిది మాత్రమే కాదు. లైసెన్సు కూడా లేని పిల్లలు ఆ స్కూటర్ ఎక్కుతారు.

యంత్రాన్ని విప్పి చూడాలన్న కుతూహలాన్ని చంపుకోవడం ఏ సమాజానికీ మంచిది కాదు. తూర్పు జర్మనీలో కాడెన్ చేసిందీ, షెడ్డులో రాత్రిళ్లు కూర్చుని పెట్టె మార్చే కుర్రాడు చేసేదీ మొదలు ఒకచోటే. ఇది ఇంకా బాగా ఉండవచ్చు కదా అన్న అనుమానం. తేడా ఆ తర్వాత వస్తుంది. కాడెన్ పక్కన ఆసిలోస్కోప్ ఉంది. కుర్రాడి పక్కన ఒక నోటు పుస్తకం, ఒక స్టాప్‌వాచీ, ఒక థర్మామీటర్ ఉన్నా చాలు. ఆ నోటు పుస్తకంలో 'మార్పు వల్ల లాభం లేదు, పాత పట్టికే మళ్లీ పెట్టాను' అని నిజాయితీగా ఒక్క వరుస రాయగలిగిన రోజున అతడు బండి ట్యూన్ చేసేవాడి నుంచి ఇంజినీరుగా మారినట్టే.